ఎర్రమట్టి దిబ్బల రంగుల్లో పాలిమర్ క్లే కమ్మలు: విశాఖలో ఇంట్లోనే చేసుకునే పద్ధతి

పాలిమర్ క్లేతో నగలు మొదలుపెట్టేవాళ్లు ముందుగా ఆలోచించేది ఏ రంగు, ఏ ఆకారం, ఏ కట్టర్ అనే. అవన్నీ ముఖ్యమే. కానీ కమ్మ ఏళ్ల తరబడి చెవికి ఉంటుందా, వారంలోపే రెండు ముక్కలవుతుందా అన్నది తేలేది ఓవెన్‌లో. సరిగ్గా బేక్ అయిన కమ్మ కిందపడినా చెక్కుచెదరదు, కాస్త వంచినా మళ్లీ నిలబడుతుంది. సరిగ్గా కాలనిది ఎంత అందంగా ఉన్నా బిస్కెట్ లాగా విరుగుతుంది. అందుకే ఇక్కడ డిజైన్ కంటే ఓవెన్ గురించే ఎక్కువ రాశాను.

రెండో సంగతి మన ఊరి వాతావరణం. మనం చూసి నేర్చుకునే వీడియోల్లో చాలావరకు చలి దేశాల్లో తీసినవి. క్లే గట్టిగా ఉంటే చేతుల్లో పెట్టుకుని వేడి చేయమంటారు వాళ్లు. ఏప్రిల్, మే నెలల్లో విశాఖలో పరిస్థితి పూర్తిగా వేరు. ప్యాకెట్ విప్పేసరికే క్లే వేళ్లకు అంటుకుంటూ ఉంటుంది. పైగా సముద్రపు గాలి కొక్కేలనూ రింగులనూ నల్లబరుస్తుంది. ఈ రెండింటికీ మందు ఉంది. ఎక్కడెక్కడ అవసరమో అక్కడ చెబుతాను.

నేర్చుకోవడానికి ఒకే నమూనా తీసుకుందాం: భీమిలి రోడ్డులోని ఎర్రమట్టి దిబ్బల పొరలను తలపించే హ్యాంగింగ్స్. ఈ ఒక్క జత చేస్తే రంగులు కలపడం, పొరలు పేర్చడం, కోయడం, బేక్ చేయడం, మెరుగు పెట్టడం అన్నీ చేతికొస్తాయి.

ఏ క్లే కొనాలి

పేరులో క్లే ఉన్నా ఇది మట్టి కాదు. పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అనే ద్రవం, రంగులు, కొంత పూరక పొడి కలిపిన ముద్ద. గాలికి ఆరదు. వేడి తగిలినప్పుడు ప్లాస్టిసైజర్ పీవీసీ రేణువుల్లోకి ఇంకి, అవి ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని ఒకే గట్టి ముక్కగా మారతాయి. ఈ ఒక్క విషయం గుర్తుంటే తర్వాత చెప్పే జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి.

స్టేషనరీ షాపులో క్లే కావాలంటే మూడు రకాలు చూపిస్తారు. గాలికి ఆరేది, పిల్లలు ఆడుకునే నురుగులాంటి తేలికది, రెండు ముద్దలు కలిపి వాడే ఎపాక్సీది. ఇవేవీ మనకు పనికిరావు. ప్యాకెట్ మీద ఎన్ని డిగ్రీల్లో ఎంతసేపు బేక్ చేయాలో రాసి ఉంటేనే కొనండి. అనుమానంగా ఉంటే శనగగింజంత ముద్ద తీసి రాత్రంతా బల్ల మీద వదిలేయండి. పొద్దున్నకు గట్టిపడితే అది పాలిమర్ క్లే కాదు.

కంపెనీల్లో జర్మనీకి చెందిన స్టెడ్‌లర్ వాళ్ల ఫిమో, అమెరికాలో పాలీఫామ్ తయారుచేసే స్కల్పీ, బెల్జియం నుంచి వచ్చే సెర్నిట్, బాగా గట్టిగా ఉండే కేటో ఎక్కువగా వినిపించే పేర్లు. నగలకు నేను చెప్పేది ఫిమో ప్రొఫెషనల్, స్కల్పీ ప్రీమో, సెర్నిట్ ఈ మూడింటిలో ఏదో ఒకటి. స్కల్పీ త్రీ అనే రకం మెత్తగా, చవగ్గా ఉంటుంది. బొమ్మలకు బాగుంటుంది. కానీ సరిగ్గా బేక్ చేసినా పెళుసుగానే ఉంటుంది కాబట్టి సన్నటి కమ్మలకు వద్దు. ఏ కంపెనీ అన్నది, ఏం కలిపారన్నది రాయని చవక సెట్ల జోలికి పోకండి. వాటి బేకింగ్ వేడి ఎంతో ఎవరికీ తెలియదు, చెవికి తగిలే వస్తువులో ఏముందో కూడా తెలియదు.

మొదటిసారికి ఎరుపు, పసుపు, తెలుపు, గోధుమ రంగు ఒక్కో చిన్న ప్యాకెట్ చాలు. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి అయి ఉండాలి. వేర్వేరు కంపెనీల బేకింగ్ వేడి వేరుగా ఉంటుంది. వాటిని కలిపి వాడే నేర్పు తర్వాత వస్తుంది.

ఎక్కువమంది ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటారు. మండు వేసవిలో పార్సిల్ ఎండలో గంటలు గంటలు ఉంటే లోపలి క్లే సగం ఉడికినట్టు పొడిపొడిగా వస్తుంది. వీలైతే ఏడాదికి కావాల్సింది డిసెంబరు, జనవరిలో తెప్పించుకుని పెట్టుకోండి. షాపులో కొన్నా బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నమంతా ఊరు తిరగొద్దు.

సామాను

పెద్ద ఖర్చేమీ లేదు. నున్నటి తెల్ల టైల్ ముక్కలు రెండు, టైల్స్ షాపులో అడిగితే దొరుకుతాయి. ఒకటి పనిచేసే బల్లగా, ఇంకొకటి ఓవెన్‌లో పెట్టడానికి. ఒత్తడానికి యాక్రిలిక్ రోలర్, లేదా గీతలు లేని గుండ్రటి గాజు సీసా. అప్పడాల కర్ర చెక్క కాబట్టి దాని గీతలు క్లే మీద పడతాయి, అదీగాక అది మళ్లీ వంటకు పనికిరాదు. పొడవాటి సన్న బ్లేడు, కట్టర్లు, ఒక లావు సూది, బటర్ పేపర్, తడి టిష్యూలు. మందం సమానంగా రావడానికి పేకముక్కలు. ఒక్కో ముక్క సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండు పక్కలా పదేసి ముక్కల కట్ట పెట్టి మధ్యలో క్లే ఉంచి రోలర్ నడిపితే సరిగ్గా 3 మిల్లీమీటర్ల పలక వస్తుంది. దీన్ని మించిన చవక పరికరం లేదు.

కొక్కేలు, రింగులు, ప్లయర్లు పూర్ణా మార్కెట్, జగదాంబ వైపు ఫ్యాన్సీ షాపుల్లో చూడండి. వీటి లోహం గురించి కింద వివరంగా చెబుతాను.

డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి, ఒక్క ఓవెన్ థర్మామీటర్ దగ్గర మాత్రం తగ్గించుకోవద్దు. ఓవెన్ లోపల నిలబెట్టే ముల్లు ఉన్న చిన్న గుండ్రటి డయల్ అది. ఓటీజీ (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్) నాబ్ మీద అంకెలు చూసి పనిచేయడమంటే కళ్లు మూసుకుని పనిచేయడమే.

వంటింటి నుంచి ఏ వస్తువు ఈ పనికి తెచ్చినా అది మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. గిన్నె, చెంచా, కత్తి ఏదైనా సరే. పాలిమర్ క్లే తినే వస్తువులకు తగలకూడదు, బేక్ అయ్యాక కూడా.

ఉక్కపోతలో క్లేని అదుపులో పెట్టడం

ఎండాకాలంలో తెల్లవారుజామున, లేదా రాత్రి పొద్దుపోయాక కూర్చోండి. ఏసీ గది ఉంటే ఇంకా మంచిది. ఫ్యాను నేరుగా పడితే దారపు పోగులు, దుమ్ము ఎగిరొచ్చి తెల్ల క్లేకి అంటుకుంటాయి, అందుకని కాస్త పక్కకు జరిగి కూర్చోండి. వదులుగా నూలు రాలే బట్టలు వేసుకోవద్దు.

క్లే మరీ మెత్తబడితే జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో పది, పదిహేను నిమిషాలు ఉంచండి. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పొద్దు. చల్లటి క్లే మీద మన తేమ గాలి తగలగానే నీటి బొట్లు కడతాయి. ఆ తేమ పొరల మధ్య చిక్కుకుంటే ఓవెన్‌లో ఆవిరై, లోపల నెలవంకల్లాంటి తెల్ల మచ్చలుగా మిగులుతుంది. పారదర్శక క్లేలో ఈ మచ్చలు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మూసిన కవర్లోనే గది వేడికి వచ్చేదాకా ఆగి, అప్పుడు విప్పండి.

ఫ్రిజ్ వేడిని తగ్గిస్తుంది, అంతే. క్లేలో ప్లాస్టిసైజరే ఎక్కువగా ఉంటే మళ్లీ మెత్తబడుతుంది. అప్పుడు పలకగా ఒత్తి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. కాగితం మీద నూనె మరకలా కనిపించేది ఎక్కువైన ప్లాస్టిసైజర్. ఎక్కువసేపు ఉంచితే క్లే పొడిబారుతుంది కాబట్టి మధ్యమధ్య చూసుకోండి. దీనికి వ్యతిరేకంగా, పాతబడి పగుళ్లిచ్చే క్లేకి ఒక్క చుక్క బేబీ ఆయిల్ కలిపి పిసికితే సర్దుకుంటుంది. చుక్క అంటే చుక్కే.

పిసికి సిద్ధం చేయడం

ప్యాకెట్లోంచి తీసిన క్లేని నేరుగా వాడకూడదు. ప్లాస్టిసైజర్ అంతటా సమానంగా కలవాలి. చిన్న ముక్కలు చేసి, ఒక్కో రంగును విడిగా చపాతీ పిండిలా పిసుకుతూ, పొడుగ్గా సాగదీసి, మడిచి, మళ్లీ ఒత్తండి. ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. పాస్తా మెషీన్ (రెండు రోలర్ల మధ్య పలకగా ఒత్తే యంత్రం) ఉంటే పని తేలిక, అయితే మడత పక్కనుంచి ముందుగా పెట్టండి. తెరిచిన అంచు ముందు పెడితే లోపల గాలి చిక్కుకుని బుడగలొస్తాయి.

సన్నటి పట్టీ చేసి వంచి చూడండి. వంపు దగ్గర పగుళ్లు రాకపోతే సిద్ధమైనట్టు. చేయి నొప్పిగా ఉందని దీన్ని సగంలో ఆపితే బేక్ అయ్యాక కమ్మ బలహీనంగా ఉంటుంది. ఎప్పుడూ లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్లండి. ఎరుపు పిసికిన చేతులతో తెలుపు ముట్టుకుంటే ఆ తెలుపు ఇక తెలుపుగా ఉండదు. రంగు మార్చినప్పుడల్లా చేతులు, టైల్, రోలర్ తడి టిష్యూతో తుడవండి.

దిబ్బల రంగులు, పొరలు

విశాఖ నుంచి భీమిలి వెళ్లే తీరం రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకు ఆ రంగు వేరే చెప్పనక్కర్లేదు. జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. ఇసుకలోని ఇనుము తుప్పు వల్ల ఆ ఎరుపు వచ్చింది. వాన నీళ్లు కోసుకుపోయిన చోట పొరలు విడిగా కనిపిస్తాయి. అడుగున పసుపు ఇసుక, దాని మీద ఎరుపు కలిసిన గోధుమ రంగు, ఆ పైన ఇటుక ఎరుపు, అన్నిటికంటే పైన లేత పసుపు ఇసుక. మన కమ్మలో కూడా ఇదే వరుస పెడదాం.

కొందరు అక్కడి ఇసుక పిడికెడు తెచ్చి క్లేలో కలుపుతామంటారు. దయచేసి ఆ పని చేయకండి. వేల ఏళ్లుగా ఏర్పడిన దిబ్బలు అవి, ఇప్పటికే చాలా కోల్పోయాం. క్లే రంగులతోనే ఆ ఛాయ చక్కగా వస్తుంది.

నేను కలిపే పాళ్లు ఇవి. ఇటుక ఎరుపుకు నాలుగు వంతుల ఎరుపు, రెండు వంతుల పసుపు, ఒక వంతు గోధుమ. ముదురు పొరకు గోధుమ, ఎరుపు సమానంగా. అడుగు పసుపుకు నాలుగు వంతుల పసుపు, ఒక వంతు గోధుమ, కొద్దిగా ఎరుపు. పై పొరకు ఆరు వంతుల తెలుపు, ఒక వంతు పసుపు, మినపగింజంత గోధుమ. ముదురు రంగును లేత రంగులోకి కొద్దికొద్దిగా కలపండి. ఎక్కువైతే వెనక్కి తీయలేం. బేక్ అయ్యాక రంగులు కాస్త ముదురుతాయి, అందుకే ఒక్కో రంగులోంచి చిన్న బిళ్ల తీసి ముందుగా బేక్ చేసి చూసుకోవడం మంచి అలవాటు. ఆ బిళ్లల వెనక పాళ్లు రాసి దాచుకుంటే తర్వాత ఏ జతకైనా అదే రంగు మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ఒక్కో రంగును సుమారు 2 మిల్లీమీటర్ల పలకగా ఒత్తి, 5 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలుగా కోయండి. ఇటుక ఎరుపు మాత్రం రెట్టింపు మందంగా ఉండనివ్వండి, దిబ్బల్లో కంటికి ఆనేది అదే కదా. కింద నుంచి పైకి పేర్చేటప్పుడు ప్రతి పొరనూ మధ్య నుంచి అంచులకు వేలితో నొక్కుతూ వెళ్లండి. అలా చేస్తే మధ్యలోని గాలి బయటికి పోతుంది. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నొక్కుకుంటూ పోతే గాలి మూల చేరి అక్కడే ఉండిపోతుంది.

పొరలు గీత గీసినట్టు తిన్నగా ఉంటే అందం రాదు. దిమ్మను తిరగేసి, పెన్సిల్ వెనక భాగంతో అక్కడక్కడ అడుగు నుంచి నొక్కండి. పై పక్క కూడా రెండు మూడు చోట్ల నొక్కండి. నొక్కిన చోట్లు ఒకదాని కింద ఒకటి రాకూడదు. తర్వాత నాలుగు పక్కలా అరచేతులతో అదిమి దిమ్మను మళ్లీ ఆకారానికి తెండి. లోపల పొరలు అలల్లా వంగి ఉంటాయి. జిప్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కాసేపు ఉంచితే కోసేటప్పుడు రంగులు ఒకదానిలోకి ఒకటి లాగవు.

గది వేడికి దగ్గరగా వచ్చినా ఇంకా బిగువుగా ఉన్నప్పుడు, బ్లేడును నిలువుగా పట్టి ఒక్క ఊపులో కిందికి దించుతూ 1 మిల్లీమీటరు మందాన చీలికలు కోయండి. రంపంలా ముందుకూ వెనక్కూ ఆడించొద్దు. వేరే 2 మిల్లీమీటర్ల పలక ఒకటి ఆధారంగా పరిచి, చీలికలను దాని మీద అంచులు కలిసేలా అమర్చండి. పైన బటర్ పేపర్ వేసి, రోలర్‌ను తేలిగ్గా అన్ని దిక్కులా నడిపితే అతుకులు కలిసిపోతాయి. చివరికి 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల మందం రావాలి. అంతకంటే సన్నగా ఉంటే వంకర్లు పోతుంది, మందంగా ఉంటే చెవి లాగుతుంది. 4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క 6, 7 గ్రాములు తూగుతుంది. ఒక చెవికి అంతకు మించి పెట్టకపోవడమే మేలు.

ఆకారం కోయడం

ఓవెన్‌లో పెట్టే టైల్ మీదే పలకను పరిచి అక్కడే కోయండి. కోసిన మెత్తటి ముక్కను ఎత్తి ఇంకో చోట పెట్టబోతే ఆకారం సాగిపోతుంది. టైల్ మీద నేరుగా బేక్ చేస్తే కమ్మ వెనక భాగం మెరుస్తుంది. నచ్చకపోతే మధ్యలో బటర్ పేపర్ వేయండి.

కట్టర్‌ను తిన్నగా దించి, కొద్దిగా తిప్పి, పైకి తీయండి. అంటుకుంటుంటే అంచుకు కాస్త మొక్కజొన్న పిండి అద్దండి. రెండు కమ్మలూ పలకలో పక్కపక్కన కోస్తే పొరలు ఒకదానికొకటి జోడుగా కుదురుతాయి. అచ్చం ఒకేలా ఉండనక్కర్లేదు, దిబ్బల్లో కూడా ఏ రెండు గోడలూ ఒకేలా ఉండవు. చుట్టూ మిగిలిన క్లే తీసేసి, అంచులను తడి వేలితో చిన్నగా సవరించండి. ఉపరితలం మీద బుడగ కనిపిస్తే సూదిని ఏటవాలుగా గుచ్చి, గాలి తీసి, వేలితో సర్దండి.

చిల్లు పై అంచు నుంచి కనీసం 2.5 మిల్లీమీటర్ల దూరంలో వేయండి. అంచుకు మరీ దగ్గరగా వేసినవే తర్వాత చిరుగుతాయి. సూదితో వేస్తే వెనక్కి క్లే పొంగుతుంది, కాబట్టి బేక్ అయ్యాక చేతి డ్రిల్‌తో 1.5 మిల్లీమీటర్ల చిల్లు వేయడమే నాకు నచ్చే పద్ధతి. శుభ్రంగా వస్తుంది.

ఓవెన్

ముందు ఖాళీ ఓవెన్‌ను పరీక్షించండి. ఒక టైల్ ముక్క లోపల పెట్టి, పక్కనే థర్మామీటర్ నిలబెట్టి, నాబ్ 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర (మీ ప్యాకెట్ మీద వేరే అంకె ఉంటే దాని దగ్గర) ఉంచి, పైనా కిందా రెండు రాడ్లూ పనిచేసేలా ఆన్ చేయండి. ఐదు నిమిషాలకోసారి ముల్లు ఎక్కడుందో కాగితం మీద రాస్తూ ముప్పావు గంట చూడండి. చిన్న ఓటీజీల్లో రాడ్ వెలిగినప్పుడు వేడి అమాంతం పెరిగి, ఆరినప్పుడు పడిపోతుంది. నాబ్ చూపే అంకెకూ అసలు వేడికీ ఇరవై డిగ్రీల తేడా ఉండడం మామూలే. మీ ఓవెన్‌లో నాబ్ ఎక్కడ ఉంటే లోపల ఆ వేడి నిజంగా వస్తుందో తెలిశాక, ఆ చోట నాబ్ పక్కన మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. లోపల ఉన్న టైల్ వేడిని దాచుకుని ఈ హెచ్చుతగ్గులను చాలావరకు తగ్గిస్తుంది.

వేడి ఎంత అన్నది మీ ప్యాకెట్ చెబుతుంది. ఫిమోకు 110 డిగ్రీలు, ప్రీమోకు 130, కేటోకు 150. ప్రీమోకు 6 మిల్లీమీటర్ల మందానికి అరగంట అని ఉంటుంది. నేను 3 మిల్లీమీటర్ల కమ్మలకు కూడా ముప్పావు గంట తగ్గకుండా, చాలాసార్లు గంట ఉంచుతాను. సరైన వేడిలో సమయం ఎక్కువైతే నష్టం లేదు, ముక్క ఇంకా బలపడుతుంది. హాని చేసేది వేడి ఎక్కువ కావడమే. భయపడి వేడి తగ్గించి, పది నిమిషాలకే తీసేసేవాళ్ల కమ్మలే విరుగుతాయి.

చేసే వరుస ఇది. థర్మామీటర్ ముల్లు కావాల్సిన చోటికి వచ్చి నిలకడగా ఉండేదాకా ఓవెన్ వేడెక్కనివ్వండి. కమ్మలున్న టైల్‌ను మధ్య అరలో, రాడ్లకు వీలైనంత దూరంగా పెట్టండి. పైన అల్యూమినియం ఫాయిల్‌ను గుడారంలా కప్పండి, క్లేకి తగలకుండా. ఎర్రగా కాలే రాడ్ వేడి నేరుగా పడితే తెలుపు, లేత పసుపు రంగులు గోధుమ రంగుకు తిరుగుతాయి. తలుపు వేశాక ముల్లు మళ్లీ సరైన అంకెకు చేరినప్పటి నుంచి సమయం లెక్కపెట్టండి. కిటికీలు తెరిచి ఉంచండి, కానీ ఓవెన్ వదిలి దూరం పోవద్దు. మధ్యలో కరెంటు పోతే టెన్షన్ పడక్కర్లేదు. ముక్కలను అలాగే ఉంచి, కరెంటు వచ్చాక మొత్తం సమయం మళ్లీ ఇవ్వండి. పాలిమర్ క్లేని ఎన్నిసార్లు బేక్ చేసినా పాడవదు.

బయటికి తీయగానే ముక్క తోలులా మెత్తగా ఉంటుంది. ఇంకా ఉడకలేదనుకుని వేడి పెంచొద్దు. చల్లారాకే గట్టిపడుతుంది. ఓవెన్ ఆపి, అందులోనే చల్లారనివ్వండి. అంచులు లేచే లక్షణం కనిపిస్తే గోరువెచ్చగా ఉన్నప్పుడే పైన ఇంకో టైల్ బరువుగా పెట్టండి.

కమ్మలతో పాటు అదే మందంలో మిగిలిన క్లే పట్టీ ఒకటి ఎప్పుడూ బేక్ చేయండి. పూర్తిగా చల్లారాక దాన్ని వంచి చూడండి. కొంత వంగి తిరిగి వస్తే కమ్మలు బాగున్నట్టు. టప్పున విరిగితే కాలలేదన్నమాట. కమ్మలను మళ్లీ లోపల పెట్టి, థర్మామీటర్ చూసుకుంటూ ఇంకో ముప్పావు గంట ఇవ్వండి.

వేడి 175 డిగ్రీలు దాటితే పీవీసీ విచ్ఛిన్నమై హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది. కళ్లు, గొంతు మండుతాయి. పొగ కనిపించినా, ఘాటు వాసన వచ్చినా వెంటనే స్విచ్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లలనూ పెంపుడు పక్షులనూ తీసుకుని గది బయటికి వెళ్లండి. ఓవెన్ పూర్తిగా చల్లారేదాకా తలుపు తెరవొద్దు.

ఓటీజీ లేనివాళ్లు అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కేక్ చేసినట్టు కుక్కర్లోనో, ఇసుక పోసిన కడాయిలోనో పెట్టొచ్చా? వద్దు, అడుగు మాడి పైభాగం పచ్చిగా ఉంటుంది, వేడి ఎంతో తెలిసే దారి లేదు. మైక్రోవేవ్? అసలు వద్దు. మన ఎండలో డాబా మీద పెడితే? ఎంత ఎండైనా 110 డిగ్రీలు రావు కదా. పాత ఓటీజీ ఎవరైనా అమ్ముతుంటే తీసుకుని దీనికే కేటాయించడం అన్నిటికన్నా మంచిది. అదీ కుదరక వంట ఓటీజీనే వాడాల్సి వస్తే, రెండు ఫాయిల్ ట్రేలను ఒకదానిమీద ఒకటి బోర్లించి, అంచులు క్లిప్పులతో బిగించి, వాటి లోపల బేక్ చేయండి. తర్వాత ఓవెన్ లోపలి గోడలు సబ్బు నీళ్లతో తుడవండి.

మెరుగు

పొరల డిజైన్ అసలు అందం రుద్దాకే బయటపడుతుంది. గిన్నెలో నీళ్లు పోసి, ఒక చుక్క డిష్ వాష్ లిక్విడ్ వేసి, నీటి ఉప్పుకాగితంతో రుద్దండి. 400 నంబరుతో మొదలుపెట్టి, 600, 800, 1000 దాకా వెళ్లండి. ముందు నంబరు వేసిన గీతలు పోయాకే తర్వాతి నంబరు తీసుకోవాలి. పొడిగా రుద్దితే సన్నటి పీవీసీ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాబట్టి ఎప్పుడూ తడిగానే. డ్రిల్ చేసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. ఆ నీళ్లు సింకులో పోయకుండా పాత గుడ్డలో వడకట్టి, మడ్డిని చెత్తలో వేయండి. చివరగా పాత జీన్స్ గుడ్డ మీద గట్టిగా రుద్దితే పట్టులాంటి నిగారింపు వస్తుంది.

దీనిమీద వేరే పూత అక్కర్లేదనే నా అభిప్రాయం. మెరుపు కావాలనుకుంటే నీటి ఆధారిత వార్నిష్ పల్చగా వేయండి. గోళ్ల రంగు మాత్రం వద్దు, అందులోని ద్రావకాలు క్లేతో కలిసి కొన్నాళ్లకు ఉపరితలం జిగటగా తయారవుతుంది. స్ప్రే డబ్బాల వార్నిష్‌లు కూడా చాలావరకు ఇంతే. గాజులాంటి మెరుపు కోసం యూవీ రెజిన్ (అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే ద్రవం) వాడేవాళ్లున్నారు. పచ్చి రెజిన్ చర్మానికి తగిలితే ఎలర్జీ రావచ్చు, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

కొక్కేలు, పిన్నులు

సముద్రపు గాలి, చెమట కలిస్తే మామూలు ఇత్తడి కొక్కేలు నల్లబడతాయి, పచ్చ మరక పడుతుంది. విశాఖలో ఉండేవాళ్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే తీసుకోండి. 316 రకం ఉప్పుగాలిని ఇంకా బాగా తట్టుకుంటుంది, 304 అయినా పర్వాలేదు. నికెల్ పడని చెవులకు టైటానియం మంచిది.

కమ్మ చిల్లునూ కొక్కేన్నీ కలిపే రింగు తెరిచేటప్పుడు రెండు ప్లయర్లతో రెండు కొసలూ పట్టి, ఒక కొసను ముందుకూ ఇంకో కొసను వెనక్కూ తిప్పండి. పక్కలకు లాగి తెరిస్తే మళ్లీ గుండ్రంగా మూసుకోదు. మూశాక వెలుతురులో పట్టి సందు లేదని చూసుకోండి. కమ్మలు పోయేది ఎక్కువగా ఆ సందులోంచే.

దిద్దులు చేస్తే పిన్నును వట్టి జిగురుతో అంటించి వదిలేయొద్దు, ఒకరోజు ఊడుతుంది. బేక్ అయిన దిద్దు వెనక భాగం ఉప్పుకాగితంతో గరుకు చేసి, జిగురులా వాడే ద్రవ పాలిమర్ క్లే ఒక చుక్క రాసి, పిన్ను పెట్టి, దాని బిళ్ల మీద పల్చటి క్లే బిళ్ల ఒకటి కప్పి మళ్లీ బేక్ చేయండి. పిన్ను క్లేలో భాగమైపోతుంది.

గవ్వల పూసలు

మిగిలిన రంగులతో హారానికి పూసలు చేసుకోవచ్చు. దీనికి మన గవ్వల బల్ల ఉంది. బెల్లం గవ్వలు చేసే గీతల చెక్క కొత్తది ఒకటి కొని, గోళీ కంటే చిన్న క్లే ఉండను దానిమీద బొటనవేలితో నొక్కి తోస్తే, వంపు తిరిగిన గవ్వ వస్తుంది. సముద్రం ఒడ్డున ఉండే ఊరికి అంతకంటే తగిన పూస ఏముంటుంది? కాసేపు గట్టిపడనిచ్చి సూదిని రెండు వైపుల నుంచీ గుచ్చి చిల్లు వేయండి, ఒకే వైపు నుంచి పొడిస్తే ఇంకో పక్క పగులుతుంది. కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి, ఆ మడతల మధ్య పూసలు పేర్చి బేక్ చేస్తే అడుగు చదును కాదు. ఏటికొప్పాక లక్క బొమ్మల పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఈ గవ్వలకు బాగా నప్పుతాయి.

దాచడం, బాగుచేయడం

పచ్చి క్లేని గట్టి పెళుసు ప్లాస్టిక్ డబ్బాల్లో పెడితే ప్లాస్టిసైజర్ ఆ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. అడుగున 5 అంకె ఉన్న డబ్బాలు, జిప్ కవర్లు సురక్షితం. ఎండ తగలని అల్మరా కింది అరలో పెట్టండి.

పూర్తయిన కమ్మలను విడివిడి జిప్ కవర్లలో, సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచితే వానాకాలంలో కూడా లోహం మెరుపు తగ్గదు. సెంటు, తలనూనె రాసుకున్నాకే కమ్మలు పెట్టుకోండి. మురికి పడితే సబ్బు నీళ్లు చాలు. గోళ్ల రంగు తీసే ద్రవం దగ్గరికి రానివ్వకండి, ఉపరితలం కరుగుతుంది.

కమ్మ విరిగితే పారేయక్కర్లేదు. విరిగిన రెండు అంచులకూ ద్రవ క్లే రాసి, కలిపి పట్టి, వెనక వైపు అదే రంగు పల్చటి పలక ఆధారంగా అతికించి, ఈసారి థర్మామీటర్ చూసుకుంటూ గంటసేపు బేక్ చేయండి. ముందువైపు అతుకును 600 నంబరు కాగితంతో తడిగా రుద్దండి. పొరల డిజైన్‌లో ఆ గీత కూడా ఒక పొరలా కలిసిపోతుంది.